గడువు చెరిగిన ఖాకీ

హోంగార్డు సంస్థ తన నినాదంగా ఎంచుకున్నవి రెండే మాటలు: నిష్కామ సేవ. గీత చదివినవాళ్ళకే కాదు, హరికథ విన్నవాళ్ళకు కూడా తెలుగునాట ఈ మాటల అర్థం వివరించనక్కర్లేదు. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయడం. కూడలిలో ఎండకు నిలబడి బండ్లను ఆపి పంపే మనిషి, జాతరలో తాడు పట్టుకుని జనాన్ని వరసలో నిలిపే మనిషి, వరద వచ్చిన రాత్రి పడవ దగ్గర కాపలా ఉన్న మనిషి చాలాసార్లు హోంగార్డే. దూరం నుంచి చూస్తే అతనికీ కానిస్టేబుల్‌కీ తేడా కనబడదు. దగ్గరికి వెళ్తే భుజం మీద అక్షరాలు వేరు, నెలాఖరున చేతికొచ్చే డబ్బు వేరు, రిటైరయ్యే రోజున దక్కేది మరీ వేరు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఈ ఖాకీలో గడిపిన మనిషి ముఖంలో ఉత్సాహం ఎందుకు ఇంకిపోతుందన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. జీతం తక్కువ గనుక అనేది ఒకటి, సేవాభావం తగ్గిపోయింది గనుక అనేది రెండోది. చరిత్ర తిరగేస్తే ఈ రెండూ సగం జవాబులే అనిపిస్తుంది. యూనిఫాం వేసుకున్న స్వచ్ఛంద సేవకు మొదట్లో ఒక గడువు ఉండేది. ఆ గడువు మెల్లగా చెరిగిపోయింది, ‘స్వచ్ఛంద’ అన్న మాట మాత్రం కాగితం మీద అలాగే మిగిలింది. విసుగు పుట్టింది ఈ రెంటి మధ్య పడిన సందులోనే.

తెలుగు నేల మీద వలంటీరు దళం అనగానే గుర్తురావలసిన పేరు రామదండు. 1921లో మార్చి నెలాఖరున, ఏప్రిల్ ఆరంభాన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. గాంధీ సహా దేశంలోని పెద్ద నాయకులంతా వచ్చారు, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం పోటెత్తారు. ఆ జనసముద్రాన్ని అదుపులో పెట్టే పని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడగట్టిన రామదండు మీద పడింది. సుమారు వెయ్యిమంది, ప్రత్యేక వేషం, కట్టుదిట్టమైన క్రమశిక్షణ. పేరులోనే ఉంది అసలు సంగతి. రాముడి దండులో వానరుడికి జీతం లేదు, కానీ వారధి కట్టడం ఎప్పటికి పూర్తవుతుందో, లంకకు ఎందుకు వెళ్తున్నారో అందరికీ తెలుసు. బెజవాడ సమావేశం తీర్మానాలకూ అదే తీరు. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు, అన్నిటికీ జూన్ 30 గడువు. స్వరాజ్యమే ఏడాదిలో వస్తుందన్నది అప్పటి నమ్మకం. ఆ లెక్కలు ఎంతవరకు నెరవేరాయన్నది వేరే చర్చ. ఊరు విడిచి, పని మాని, సొంత ఖర్చుతో వచ్చిన యువకుడికి తాను ఎంతకాలం, దేనికోసం పనిచేయాలో ఎవరో స్పష్టంగా చెప్పారు, అదీ ఇక్కడ ముఖ్యం.

అదే సంవత్సరం చీరాల పేరాలలో ఈ స్ఫూర్తికి గట్టి పరీక్ష ఎదురైంది. ఆ రెండు ఊళ్ళనూ కలిపి పురపాలక సంఘంగా మార్చడంతో పన్నుల భారం ఒక్కసారిగా పెరిగింది. పన్ను కట్టబోమని తిరగబడిన జనం చివరికి ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి పొలిమేర బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి అక్కడే కాపురమున్నారు. ఆ కష్టకాలంలో రామదండు వెన్నెముకగా నిలిచింది. అయితే గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైలుకు పంపాక, నిధులు కరిగిపోయాక, చివర కనబడని ఓర్పు ఎవరికైనా కష్టమైంది. జనం మెల్లగా పాత ఇళ్ళకు తిరిగి వచ్చారు. దీన్ని పిరికితనం అని ఎవరూ రాయలేదు, రాయకూడదు కూడా. ఎంత వేడి ఉన్న ఉద్యమమైనా మనిషి మనసులోని ఉత్సాహాన్ని అప్పుగానే తీసుకుంటుంది. తీర్చే తేదీ చెప్పలేకపోతే అప్పు ఇచ్చినవాడు వెనక్కి అడుగుతాడు. ఈ పాఠాన్ని అప్పటి నాయకుల్లో కొందరు గ్రహించారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో ఎన్.ఎస్. హర్డీకర్ చొరవతో హిందుస్థానీ సేవాదళ్ పుట్టింది. ఉద్యమం వచ్చినప్పుడు పొంగి, పోయినప్పుడు చల్లారే వలంటీర్లకు బదులు శిక్షణ, కవాతు, శిబిరాలు, ఒక పద్ధతి ఉన్న దళం కావాలన్నది ఆ ఆలోచన. అంటే నిప్పు దానంతటదే మండుతుందని నమ్మి కూర్చోకుండా, దానికి పొయ్యి కట్టాలని చూశారు.

‘హోంగార్డు’ అన్న పేరు మాత్రం మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1940 మే 14న యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, పదిహేడు నుంచి అరవయ్యయిదేళ్ళ మధ్య వయసు మగవాళ్ళు జీతం లేకుండా ఊళ్ళ కాపలాకు ముందుకు రావాలని కోరాడు. ప్రసంగం ముగిసీ ముగియకముందే పోలీసు స్టేషన్ల ముందు వరసలు కట్టారు. జులై ముగిసేసరికి వారి సంఖ్య పది లక్షలు దాటింది. మొదట స్థానిక రక్షణ వలంటీర్లు అని పిలిచిన ఆ దళానికి చర్చిల్ పట్టుబట్టి హోంగార్డు అని పేరు మార్పించాడు. మొదట్లో అందులో చేరినవాడు పద్నాలుగు రోజుల ముందు చెప్పి మానుకోవచ్చు. పనిమనుషుల ఒప్పందంలా ఉందని ఆ నిబంధనను ఎగతాళి చేసేవారు. జర్మన్లు దిగుతారన్న భయం తగ్గేకొద్దీ హాజరు పలచబడింది. 1942లో ప్రభుత్వం పద్ధతి మార్చింది. అవసరమైన చోట బలవంతంగా చేర్చుకోవచ్చు, నెలకు నలభై ఎనిమిది గంటల దాకా డ్యూటీ చేయించవచ్చు, మానుకునే వెసులుబాటు లేదు. అక్కడితో అది స్వచ్ఛంద దళం కాకుండా పోయిందని అప్పటివాళ్ళు గుర్తించారు, అలా గుర్తించడంలో నిజాయితీ ఉంది. అసలు పని తీరిపోగానే 1944 డిసెంబరు 3న దళాన్ని విరమింపజేశారు. ప్రమాదం నాలుగున్నరేళ్ళలో ముగిసింది, దళం కూడా ముగిసింది.

మన దేశంలో హోంగార్డు కథ మొదలైంది 1946 డిసెంబరు 6న, బొంబాయిలో. అక్కడి అప్పటి హోంమంత్రి మొరార్జీ దేశాయ్, మతకల్లోలాలతో అట్టుడుకుతున్న నగరంలో పోలీసులకు తోడుగా పౌరుల దళం ఒకటి నిలిపాడు. ఏటా డిసెంబరు 6న జరిపే ఆవిర్భావ దినోత్సవం ఆ రోజు గుర్తుగానే. మద్రాసు రాష్ట్రం 1948లో హోంగార్డుల చట్టం చేసింది. ఆంధ్ర ప్రాంతంలో అదే అమలై, తర్వాత ఆంధ్రప్రదేశ్ చట్టంగా కొనసాగింది. ఈ చట్టాల వెనక ఉన్న ఊహ సరళమైనది. గుమాస్తా, మాస్టారు, దుకాణదారు, రైతు తమ తమ పనులు చేసుకుంటూనే వారానికోసారి పరేడ్‌కు వస్తారు. అల్లర్లు, అగ్నిప్రమాదం, తుఫాను వంటివి వచ్చి ప్రభుత్వం పిలిస్తే యూనిఫాం వేసుకుని వస్తారు. డ్యూటీలో ఉన్నంతసేపు వాళ్ళకు పోలీసు అధికారాలుంటాయి. ఆ రోజు కూలి పోతుంది గనుక చేతి ఖర్చు కింద డ్యూటీ భత్యం ఇస్తారు. పని తీరాక ఎవరి బతుకుతెరువు వాళ్ళది. అలాంటి మనిషి ‘నిష్కామ సేవ’ అన్న బిళ్ళ పెట్టుకుంటే అది అతని ఒంటికి సరిగ్గా అతుకుతుంది. అతని ఇంటి పొయ్యి వేరేచోట వెలుగుతోంది.

1962లో చైనా యుద్ధం ఈ దళాలను దేశవ్యాప్తం చేసింది. వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు పేర్లతో ఉన్న స్వచ్ఛంద సంస్థలను కలిపి ఒకే రకమైన హోంగార్డు దళంగా మార్చమని కేంద్రం రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. ఇప్పుడు దేశం మొత్తం మీద మంజూరైన బలం 5,73,793. చేరడానికి వయసు పద్ధెనిమిది నుంచి యాభై దాకా. కేంద్ర హోంశాఖ తన వివరణలో సభ్యత్వ కాలం మామూలుగా మూడు నుంచి అయిదేళ్ళు అని చెబుతుంది. ఈ మూడు నుంచి అయిదేళ్ళన్న మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో మొత్తం ఏర్పాటుకు ఇరుసు అదే. మూడేళ్ళు శిక్షణ పొంది సేవ చేసి వెనక్కి వెళ్ళిన మనిషి తన వీధికి, తన ఊరికి ఒక తర్ఫీదైన చేయిగా మిగులుతాడు, అతని స్థానంలో కొత్తవాడు వస్తాడు. ఇరవయ్యేళ్ళు గడిచేసరికి సమాజంలో అలాంటివాళ్ళు లక్షల్లో ఉంటారు. దళం ఎప్పుడూ పడుచుగా ఉంటుంది, ఎవరి ఉత్సాహమూ అడుగంటేదాకా తోడుకోరు. స్వచ్ఛంద సేవ ఎంతకాలం నిలుస్తుందో మనస్తత్వ శాస్త్రం అక్కర్లేకుండానే లెక్కగట్టిన ఏర్పాటు అది.

ఆ ఇరుసు ఎక్కడ విరిగిందో చెప్పడానికి ఒక తేదీ లేదు. అది ఒకరి కుట్ర కూడా కాదు. పోలీసు ఖాళీలు భర్తీ చేయాలంటే నోటిఫికేషన్, పరీక్ష, శిక్షణ, జీతం, పింఛను అన్నీ కావాలి. హోంగార్డును పిలవాలంటే ఒక ఉత్తర్వు చాలు. పట్టణాలు పెరిగాయి, వాహనాలు పెరిగాయి, పండగలు, సభలు, ప్రముఖుల పర్యటనలు పెరిగాయి. బందోబస్తు లేని రోజు లేకుండా పోయింది. అత్యవసరానికి పిలిచే మనిషిని రోజూ పిలవడం అలవాటైంది. ట్రాఫిక్, డ్రైవింగ్, కంప్యూటర్, రాత్రి గస్తీ, కార్యాలయాల కాపలా, ఇతర ప్రభుత్వ శాఖలకు డబ్బు కట్టించుకుని పంపడం, ఇలా పని పరుచుకుంది. దీనికి సాక్ష్యం ఎక్కడో వెతకక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో హోంగార్డు కోటా కింద అర్హత పొందాలంటే గత రెండేళ్ళలో కనీసం 360 డ్యూటీలు చేసి ఉండాలన్న నిబంధన ఉంది. అంటే ఏడాదికి 180 రోజులు. సొంత దుకాణం నడుపుకునే మనిషి, బడిలో పాఠం చెప్పే మనిషి ఏడాదిలో సగం రోజులు ఎక్కడ తేగలడు? ఆ అంకె రాసినవాళ్ళకు హోంగార్డు అంటే ఎవరో బాగా తెలుసు. అతను తీరిక వేళల్లో సేవచేసే పౌరుడు కాడు, దీని మీదే బతికే మనిషి. చట్టం 1948లో ఊహించిన హోంగార్డు వేరు, నియామక నిబంధన చూస్తున్న హోంగార్డు వేరు. ఒకే పేరుతో ఇద్దరు మనుషులు తిరుగుతున్నారు.

దీర్ఘకాల వలంటీరు విసుగులో అసలు ముల్లు ఇక్కడ ఉంది. కష్టమైన పని మనిషిని అంత తొందరగా విరచదు. తన పనికి పేరు లేకపోవడం విరుస్తుంది. ఎనిమిది గంటలు పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరిది ఉద్యోగం, ఇంకొకరిది సేవ. జ్వరమొస్తే ఒకరికి సెలవు, ఇంకొకరికి ఆ రోజు భత్యం కోత. ఒకరికి పదోన్నతి మెట్లున్నాయి, ఇంకొకరికి ముప్పయ్యేళ్ళ తర్వాత కూడా నిలబడిన మెట్టే. తప్పు జరిగితే మాత్రం ఇద్దరికీ క్రమశిక్షణ ఒకటే. ‘గౌరవ వేతనం’ అని మనకొక సర్కారు మాట ఉంది. అందులో మొదటి మాట బరువెక్కేకొద్దీ రెండో మాట తేలికవుతూ వస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, ఈ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొన్నేళ్ళు నెలకు అయిదు వేలకు పనిచేసిన గ్రామ వార్డు వలంటీర్లు, అందరూ ఆ మాట నీడన నిలబడినవాళ్ళే. అయితే హోంగార్డుకు ఇంకో చిక్కుంది. అతనికి యూనిఫాం ఉంది. యూనిఫాం అంటే మాట్లాడకూడదు, ఎదురు చెప్పకూడదు, ధర్నాకు కూర్చుంటే క్రమశిక్షణ తప్పినట్టు. ఉద్యోగి అయితే సంఘం పెట్టుకుంటాడు, వలంటీరు అయితే మానేసి ఇంటికి పోతాడు. ఉద్యోగి హక్కు లేని, వలంటీరు స్వేచ్ఛ లేని చోట అతను మిగిలాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత అతనికి రోజూ రెండుసార్లు వర్తిస్తుంది, డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి.

న్యాయస్థానాలు ఈ వైరుధ్యాన్ని చూశాయి, కొంత సరిచేశాయి. హిమాచల్‌ప్రదేశ్ హోంగార్డుల సంక్షేమ సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 మార్చి 11న ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో మలుపు. హోంగార్డు సంస్థ స్వభావరీత్యా స్వచ్ఛందమైనది గనుక వాళ్ళను క్రమబద్ధీకరించమని ఆదేశించడానికి కోర్టు ఒప్పుకోలేదు. అదే నోటితో, డ్యూటీలో ఉన్నప్పుడు పోలీసు అధికారాలతో పోలీసు పని చేస్తున్నారు గనుక, నెలలో ముప్పై రోజుల భత్యం కలిపితే రాష్ట్రంలో పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో అంకెలు కదిలాయి. తెలంగాణలో 2017 డిసెంబరులో నెలకు పన్నెండు వేల నుంచి ఇరవై వేలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రోజు భత్యం 600 నుంచి 710 రూపాయలైంది, అంటే ముప్పై రోజులకు 21,300. తెలంగాణలో 2025 ఆరంభం నుంచి రోజు భత్యం 921 నుంచి వెయ్యి రూపాయలైంది. ఈ పెంపుదలను చిన్నచూపు చూడనక్కర్లేదు. వెయ్యి రూపాయల రోజుకూ మూడొందల రోజుకూ మధ్య పిల్లల చదువంత దూరం ఉంది. కానీ ఆ తీర్పు కూడా పేరు జోలికి పోలేదు. పని పోలీసుది, డబ్బు పోలీసుదానికి దగ్గరగా, పేరు మాత్రం వలంటీరు. ‘మామూలుగా మూడు నుంచి అయిదేళ్ళు’ అన్న మాటకూ ఇరవయ్యేళ్ళ సర్వీసుకూ పొంతన ఎలా కుదురుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

డబ్బుతోనే అంతా తీరుతుందనుకునేవాళ్ళు ఇంగ్లండు వైపు మరోసారి చూడాలి. అక్కడ స్పెషల్ కానిస్టేబుళ్ళని ఒక పాత వ్యవస్థ ఉంది. వాళ్ళకు వేరే ఉద్యోగాలుంటాయి, తీరిక గంటల్లో పోలీసు యూనిఫాం వేసుకుని పూర్తి పోలీసు అధికారాలతో జీతం లేకుండా పనిచేస్తారు. మన 1948 చట్టం కలగన్న మనిషి దాదాపు వాళ్ళే. ఆకలి బాధ లేని ఆ వలంటీర్లు కూడా తగ్గిపోతున్నారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2012లో ఇరవై వేలు దాటిన వాళ్ళ సంఖ్య పదేళ్ళలో సగానికంటే దిగువకు పడిపోయింది. దీనికి కారణాలు పలు రకాలు గానీ, ఒక సంగతి మాత్రం తేటతెల్లం. జీతం కోసం రాని మనిషి జీతం లేదని వెళ్ళిపోడు. తన గంటలు వృథా అవుతున్నాయని తోస్తే, తన నేర్పును ఎవరూ వాడుకోవడం లేదని తోస్తే, తాను లేకపోయినా ఎవరికీ తెలియదని తోస్తే వెళ్ళిపోతాడు. అంటే వలంటీరు విసుగు రెండు పొరలుగా ఉంటుంది. పై పొర బతుకుతెరువుది, దాన్ని డబ్బు తీరుస్తుంది. కింది పొర విలువది, డబ్బు దాన్ని తాకదు. మన హోంగార్డుల విషయంలో పై పొర ఇంకా పూర్తిగా తీరలేదు గనుక కింది పొర గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ ఒక పాత అభ్యంతరం వస్తుంది. సేవ అన్నాక ప్రతిఫలం లెక్కలేమిటి, నిష్కామ కర్మ అన్నదానికి అర్థమేమిటి అని. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఒక చిన్న తారుమారు చేస్తున్నారు. నిష్కామం చేసేవాడు తనకు తాను పెట్టుకునే వ్రతం. చేయించుకునేవాడు దాన్ని ఎదుటివాడి మీద పెట్టలేడు. ఏకాదశి నాడు పస్తుండే ఇల్లాలి నిష్ఠను మెచ్చుకోవచ్చు గానీ, ఆ నిష్ఠను చూపి ఆమెకు అన్నం పెట్టడం మానేసిన ఇంటిని ఎవరూ మెచ్చుకోరు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్వయంగా ఎడిన్‌బరో దాకా వెళ్ళి చదువుకుని, ఉద్యోగం వదిలి, ఉద్యమంలో కరిగి, 1928లో నలభై దాటకముందే పేదరికంలో కన్నుమూశాడు. అది అతను ఎంచుకున్న త్యాగం, అందుకే తలుచుకుంటున్నాం. అదే త్యాగాన్ని ప్రభుత్వం లక్షలమంది కోసం ఉత్తర్వులో రాసి పెడితే దాన్ని త్యాగమని పిలవలేం. తెలంగాణ పల్లెలు జీతం లేని పనికి ఒకప్పుడు వెట్టి అని పేరు పెట్టాయి, దాని మీద తిరగబడ్డాయి. హోంగార్డు డ్యూటీని వెట్టితో పోల్చడం అన్యాయం, అతనికి భత్యం ఉంది, గౌరవమూ కొంత ఉంది. కానీ సేవకూ వెట్టికీ మధ్య గీత ఎక్కడుందో ఆ చరిత్ర చెబుతుంది. కావాలనుకున్నప్పుడు వదిలి వెళ్ళగలిగితే సేవ. ఇంగ్లండు హోంగార్డు పద్నాలుగు రోజుల నిబంధనను ఎగతాళి చేసినవాళ్ళకు అది అర్థం కాలేదు.

అయితే ఇక్కడా ఎవరూ కట్టేయలేదు కదా, నచ్చకపోతే మానుకోవచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. తలుపు తెరిచే ఉంది, నిజమే. కానీ ఇరవై రెండేళ్ళకు చేరిన యువకుడు కానిస్టేబుల్ అవుతానన్న ఆశతో ఏళ్ళు గడిపి, నలభైకి దగ్గరయ్యాక ఆ తలుపు దాటితే బయట ఏముంది? పోటీ పరీక్షల వయసు దాటింది. వేరే చేతిపని నేర్చుకోలేదు, నేర్చుకునే తీరిక దొరకలేదు. ఇలాంటివాడికి తెరిచిన తలుపూ గోడే. మూడు నుంచి అయిదేళ్ళ గడువు నిజంగా అమలై ఉంటే, ఇరవై ఏడేళ్ళ వయసులో అతను చేతిలో ఒక శిక్షణ పత్రంతో ఇంకో దారి పట్టేవాడు. గడువును అమలు చేయనిది సంస్థ. అలాంటప్పుడు నువ్వే ఉండిపోయావు కదా అనడం, రైలు ఆపకుండా నడిపి ప్రయాణికుణ్ణి నీ ఊరు దాటిపోయిందేమని అడిగినట్టుంది.

మూడో అభ్యంతరం బరువైనది. అందరినీ క్రమబద్ధీకరిస్తే స్వచ్ఛంద దళమన్నదే మాయమవుతుంది, విపత్తు వేళ పిలవడానికి పౌర దళం ఉండదు, ఖజానాకూ భారం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందన్న భయం అది. భయంలో నిజముంది గనుకే రెండింటినీ విడదీయాలి. ఏడాది పొడవునా డ్యూటీ చేస్తున్న మనిషి ఉద్యోగి. అతన్ని ఆ పేరుతో పిలిచి, సెలవు, వైద్యం, వృద్ధాప్య భద్రత, ఒకటి రెండు పదోన్నతి మెట్లు ఇచ్చితీరాలి. దానికి అయ్యే ఖర్చు కొత్త ఖర్చు కాదు, ఇన్నేళ్ళుగా హోంగార్డు కుటుంబాలు తమ జేబులోంచి భరిస్తున్న ఖర్చే. దాని పక్కన, అచ్చమైన స్వచ్ఛంద విభాగం వేరుగా ఉండాలి. ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్ళు, కళాశాల విద్యార్థులు, రిటైరైన సైనికులు, తుఫాను తీరంలోని యువకులు అందులో చేరాలి. మూడేళ్ళ గడువు, వారానికోసారి పరేడ్, పిలిస్తే రావడం, గడువు తీరాక గౌరవంగా సెలవు. 1948 చట్టం నిజానికి కోరింది ఈ రెండో విభాగాన్నే. ఇద్దరినీ ఒకే చొక్కాలో ఇరికించడం వల్ల ఉద్యోగికి జీతం దక్కలేదు, వలంటీరుకు సేవానందం దక్కలేదు.

ఇదంతా సంస్థ మారాల్సిన సంగతి. మారేదాకా మనిషి ఏం చేయాలి? ఊపు నిలుపుకోవడం చివరికి ఎవరికి వాళ్ళే చేసుకోవాల్సిన పని కదా అనేవాళ్ళున్నారు. కొంతవరకు ఒప్పుకోవాలి. కానీ ఆ ఊపు ఒంటరి గుండెలోంచి పుట్టుకొస్తుందన్న ఊహకు ఈ వందేళ్ళ చరిత్ర సాయం రాదు. రామదండును నిలబెట్టింది కలిసి నడిచిన అడుగు, కలిసి పాడిన పాట, అందరికీ తెలిసిన నాయకుడు. సేవాదళ్‌ను నిలబెట్టింది శిబిరం, శిక్షణ. హోంగార్డు వ్యవస్థలో ఆ పాత వారసత్వం ఇంకా ఊపిరాడుతున్న చోటు వారపు పరేడ్. తెలంగాణ 2025లో పరేడ్ భత్యాన్ని వంద నుంచి రెండొందలు చేసింది. చూడ్డానికి అది చిల్లర లెక్క. కానీ విడివిడిగా కూడళ్ళలో, గేట్ల దగ్గర, స్టీరింగుల వెనక చెదిరిపోయిన మనుషులు వారానికోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటు అదొక్కటే. అక్కడ ఏడాదికోసారైనా కొత్త విద్య ఏదైనా నేర్పితే, అంటే గుండె ఆగినవాడికి ప్రథమ చికిత్స, వరదలో రక్షణ, మంటలార్పడం వంటివి నేర్పితే, మనిషికి తాను నిలబడిన మెట్టు మీదే నిలబడలేదన్న ధైర్యం వస్తుంది. దీర్ఘకాలం నిలిచిన వలంటీర్లకు ఆసరా ఇచ్చేవి ఇవే: చేతికొచ్చిన ఒక నేర్పు, పేరుపెట్టి పిలిచే ఒక పై అధికారి, భుజం ఆనించే తోటివాళ్ళు, తన కష్టం ఎవరికి ఉపయోగపడిందో తెలిసే అవకాశం. వీటిలో ఏదీ మనిషి తనంతట తాను తయారుచేసుకోలేడు. తన వంతుగా చేయగలిగింది ఒకటే, తన గడువు తాను పెట్టుకోవడం. ఇన్నేళ్ళు, ఈ పని కోసం, ఆ తర్వాత మళ్ళీ ఆలోచిస్తాను అని లెక్క రాసుకోవడం. సంస్థ చెరిపేసిన తేదీని తన నోటు పుస్తకంలోనైనా తిరిగి రాసుకున్న మనిషి, ఉండిపోయినా ఎంచుకుని ఉండిపోతాడు.

ఆ మాటకొస్తే, సంస్థకు కూడా చేయాల్సినది అదే. ఏటా డిసెంబరు 6న కవాతు జరుగుతుంది, పతకాలిస్తారు, ప్రసంగాల్లో నిష్కామ సేవ అన్న మాటలు మోగుతాయి. ఆ రోజున ప్రతి హోంగార్డు పేరు ఎదురుగా అతను చేరిన తేదీ, అతని సభ్యత్వ గడువు ఎప్పుడు తీరాల్సిందో ఆ తేదీ, రెండూ పక్కపక్కన చదివితే చాలు. ఎన్ని పేర్ల దగ్గర రెండో తేదీ ఇరవయ్యేళ్ళ కిందటే దాటిపోయిందో వినబడుతుంది. ఆ తర్వాత ఎవరినీ సేవాభావం ఎందుకు తగ్గిందని అడగబుద్ధి కాదు.